పొలానికి పండ్ల కంచె: వాక్కాయా, సీమచింతా, గచ్చా?

పండూ ఇవ్వాలి, పశువునూ ఆపాలి. జీవకంచె వేసుకోవాలనుకునే రైతు మొక్కను అడిగేది ఈ రెండే. చిక్కంతా ఆ రెండు పనులకూ కత్తెర దగ్గర పొత్తు కుదరకపోవడంలో ఉంది. కొమ్మ కొసలు కత్తిరించిన కొద్దీ పక్క కణుపుల నుంచి చిగుళ్లు లేచి పొద చిక్కబడుతుంది. కానీ పూత వచ్చేది కూడా ఆ కొసల్లోనే. కాబట్టి గోడలా నున్నగా కత్తిరించిన కంచెకు కాయ ఉండదు, కాయ కోసం వదిలేసిన కంచెకు అడుగున మేకపిల్ల దూరేంత సందు ఉంటుంది. ఏ మొక్క ఎంచుకోవాలన్నది చివరికి ఈ తగువును ఏ మొక్క దగ్గర తీర్చగలం అన్న ప్రశ్నే.

మన నేలల్లో దీనికి దగ్గరగా వచ్చేది వాక్కాయ. సీమచింత వేగంలో దాన్ని మించుతుంది, గచ్చ కాపలాలో మించుతుంది. గోరింట, కిత్తనార, జెముళ్లకు వేరే పనులున్నాయి. ఏది ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ చెడుతుందో చూద్దాం.

ముందు కొలత, తర్వాతే మొక్క

మొక్క పేరు తేల్చుకోకముందే టేపు పట్టుకుని హద్దు కొలవాలి. చదరంగా ఉన్న ఎకరం చుట్టుకొలత దాదాపు 254 మీటర్లు. అయిదెకరాలు చదరంగా ఉంటే 569 మీటర్లు. అంటే భూమి అయిదు రెట్లయినా కంచె రెండింతల పైచిలుకే అవుతుంది. అదే అయిదెకరాలు 60 మీటర్ల వెడల్పుతో సన్నని పట్టీలా ఉంటే చుట్టుకొలత దాదాపు 795 మీటర్లకు పోతుంది. సన్నకారు రైతుకు, పొడుగు చేను రైతుకు కంచె ఎప్పుడూ ఎక్కువ బరువే. అలాంటివాళ్లు పక్క చేను వాళ్లతో కలిసి ఉమ్మడి హద్దు మీద ఒకే కంచె వేసుకుంటే ఇద్దరికీ సగం మొక్కలు, సగం నేల మిగులుతాయి.

నేల సంగతి చాలామంది లెక్కలోకి తీసుకోరు. వాక్కాయ కంచె పెరిగాక మీటరున్నర వెడల్పు పడుతుంది. ఎకరం చుట్టూ వేస్తే సుమారు తొమ్మిదిన్నర సెంట్లు, తెలంగాణ లెక్కలో నాలుగు గుంటలకు కాస్త తక్కువ, కంచె కిందికే పోతుంది. క్రమం తప్పకుండా కత్తిరించే సీమచింత మీటరు వెడల్పులో సర్దుకుంటుంది, ఆరు సెంట్ల పైన పడుతుంది. కానీ దాని వేళ్లు పొలంలోకి ఇంకా లోపలికి వస్తాయి. గచ్చ మూడు మీటర్లు ఆక్రమిస్తుంది, ఎకరానికి దాదాపు 19 సెంట్లు. ఒక్క ఎకరం ఉన్నవాళ్లు చుట్టూ గచ్చ వేసుకుంటే కంచెలోనే అయిదో వంతు పొలం పోయినట్టు.

హద్దు రాళ్లు సరిగా ఉన్నాయో లేదో చూసుకుని, ఉమ్మడి కంచె కాకపోతే వాటి నుంచి కనీసం మీటరు లోపలికి జరిగి మొదటి వరుస పెట్టాలి. పదేళ్లు పెరిగిన కంచె హద్దు దాటిందని తగువొస్తే తీసేయాల్సింది మొక్కలనే, వాటిని పక్కకు జరపడం కుదరదు.

వాక్కాయ

వాక్కాయ గన్నేరు కుటుంబంలోని ముళ్లపొద. ఏడాది పొడుగునా ఆకు రాల్చకుండా పచ్చగా ఉంటుంది, వదిలేస్తే మూడు మీటర్ల దాకా పెరుగుతుంది. కొమ్మల మీద గట్టి ముళ్లు జంటగా వస్తాయి, కొన్ని కొసన మళ్లీ చీలి ఉంటాయి. మెడ చాచి ఆకు అందుకోబోయిన గేదె ఒకసారి గుచ్చుకుంటే మళ్లీ మూతి పెట్టదు. జనవరి నుంచి మార్చి దాకా మల్లెపూల వాసనతో తెల్లని పూత, ఎండాకాలం చివర నుంచి వానాకాలమంతా కాయ. వాక్కాయ పప్పు, పచ్చడి, పులిహోర తెలిసిన ఊళ్లలో ఆ నెలల్లో సంతకు తెచ్చిన కాయ మిగలదు.

దీని అసలు గొప్ప ఓర్పులో ఉంది. ఎర్రనేల, గరపనేల, రాళ్ల గట్టు ఎక్కడైనా బతుకుతుంది. రెండో ఎండాకాలం గట్టెక్కిందంటే తర్వాత నీరు పెట్టకపోయినా చావదు. ఓర్వలేనిది ఒక్కటే: కాళ్ల దగ్గర నిలిచే నీరు. నల్లరేగడిలో వానాకాలం నీరు నిలిచే చోట అడుగున్నర ఎత్తు బోదె వేసి దాని మీదే నాటాలి. లేకపోతే వేరు కుళ్లి, మొక్క పైనుంచి కిందికి ఎండిపోతుంది. చూసేవాళ్లు దాన్ని నీళ్లు చాలక ఎండిందనుకుని ఇంకా నీళ్లు పెడతారు, దాంతో మిగిలిన వేళ్లూ పోతాయి.

గింజ మొక్క తీసుకోవాలా, అంటు మొక్కా? కంచె వరకైతే గింజ మొక్కే మేలు. చవక, పైగా మొదలు నుంచే కొమ్మలు వేస్తుంది. కానీ గింజ మొక్కల్లో ఏ రెంటికీ కాయ ఒకేలా ఉండదు. ఒకదానికి బఠాణీ గింజంత, పక్కదానికి ఉసిరికాయంత. గాలి అంటు కట్టిన మొక్క తల్లి కాయనే ఇస్తుంది, తొందరగా కాపుకొస్తుంది, కానీ మొక్క ఖరీదు ఎక్కువ. రెండు వరుసల కంచెలో బయటి వరుసకు గింజ మొక్కలు, లోపలి వరుసకు అంట్లు పెట్టడం మంచి దారి. బయటిది కాపలా కాస్తుంది, లోపలిది కాయ ఇస్తుంది. మొదట చెప్పిన కత్తెర తగువు ఇక్కడ చాలావరకు తీరిపోతుంది: రోడ్డు వైపు ముఖాన్ని ఏడాదికి రెండు సార్లు నున్నగా కొట్టాలి, పొలం వైపు ముఖాన్ని కోత ముగిశాక సెప్టెంబరు చివర లేదా అక్టోబరులో ఒక్కసారి మాత్రమే సర్దాలి. సంక్రాంతి ముందు తోట శుభ్రం చేస్తూ కంచెను కూడా కొట్టేయడం చాలాచోట్ల జరిగే పొరపాటు. పూమొగ్గలన్నీ ఆ కొమ్మ ముక్కలతోనే పోతాయి, ఆ ఏడు కాయ ఉండదు.

రకాల విషయానికొస్తే పంత్‌నగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన పంత్ మనోహర్, పంత్ సుదర్శన్ కాయలు తెలుపు మీద గులాబి ఛాయతో ఉంటాయి, పంత్ సువర్ణ ఆకుపచ్చ మీద గోధుమ ఛాయతో ఉంటుంది. మహారాష్ట్రలో దాపోలి నుంచి వచ్చిన కొంకణ్ బోల్డ్ పేరుకు తగ్గట్టే పెద్ద కాయ. పచ్చికాయ అమ్మాలంటే తెలుపు గులాబి కలిసిన కాయ కంటికి ఆనుతుంది. నర్సరీలో రకం పేరు చెప్పి గింజ మొక్క ఇస్తే ఆ పేరుకు విలువ లేదు. అంటు మొక్కేనని తేల్చుకుని తీసుకోండి.

కాయను ఎవరికి అమ్ముతారన్నది ముందే తేల్చుకోవాల్సిన మాట. కేకు మీద, కిళ్లీలో కనిపించే ఎర్ర చెర్రీ చాలావరకు చక్కెర పాకంలో ఊరి రంగు పట్టిన వాక్కాయే. ఆ పనికి పండకముందు, గట్టిగా ఉన్నప్పుడే కోసిన కాయ కావాలి. పచ్చడి వాళ్లకూ గట్టి కాయే కావాలి. పచ్చికాయలో జెల్లీని గట్టిపరిచే పెక్టిన్ ఎక్కువ కాబట్టి జెల్లీ చేసేవాళ్లూ పచ్చివి, పండువి కలిపి అడుగుతారు. ముదిరిన పచ్చికాయ వారం దాకా నిలుస్తుంది, నల్లగా పండింది రెండు మూడు రోజులే. కాబట్టి పండినదాకా ఆగి కోసి దూరం పంపుదామంటే దారిలోనే మెత్తబడుతుంది. తోటలా దూరదూరంగా పెట్టి వదిలేసిన పొదకు నాలుగైదు కిలోలు మామూలు దిగుబడి. కంచెలో ఒత్తుగా పెట్టి కత్తిరించే మొక్క నుంచి అంత ఆశించకూడదు.

కోత కష్టం కూడా లెక్కలో వేసుకోండి. తొడిమ తెగిన చోట తెల్లని పాలు కారి చేతికి జిగురులా అంటుకుంటాయి. ముందే చేతులకు కొబ్బరినూనో నువ్వులనూనో రాసుకుని, ముళ్లకు తోలు చేతితొడుగులు వేసుకోవాలి. ఇంట్లో కోసేటప్పుడు కాయను రెండుగా చీల్చి గింజ తీసి ఉప్పునీళ్లలో వేస్తే పాలు వదులుతాయి. కత్తికి అంటిన జిగురు నీళ్లతో పోదు, నూనె రాసి తుడవాలి.

అడవుల్లో దొరికే చిన్న చెల్లెలు కలివి. కొన్ని ప్రాంతాల్లో కలే పండు అంటారు. కాయ చిన్నది, పండితే నల్లగా, తియ్యగా ఉంటుంది. కడప జిల్లా లంకమల ప్రాంతంలో 1986లో మళ్లీ కనిపించిన అరుదైన పక్షి కలివికోడికి ఆ పేరు ఈ పొదల వల్లే వచ్చిందంటారు. నీటి చుక్క పెట్టలేని రాళ్ల గట్టుకు, అమ్మకం ఆశ లేకుండా పిల్లలు తినడానికి కలివి చాలు. ఎదుగుదల మాత్రం వాక్కాయ కన్నా నెమ్మది. అడవిలో పెరికిన మొక్క తెచ్చి నాటవద్దు. దాని లోతు వేరు తెగిపోతుంది కాబట్టి బతికేది తక్కువ, పైగా అడవికీ నష్టం. పండిన కాయ నుంచి గింజ తీసుకుంటే సరిపోతుంది.

సీమచింత

పేరులోనే సీమ ఉంది. మెక్సికో, మధ్య అమెరికా నుంచి వచ్చి మన ఊళ్లలో కలిసిపోయిన చెట్టు. ఎండాకాలంలో మెలితిరిగిన కాయలు, లోపల తెలుపు గులాబి గుజ్జు, నల్ల గింజ. కంచెగా దీని బలం వేగం. తాజా గింజ తడి తగిలిన కొద్ది రోజుల్లోనే మొలుస్తుంది, నర్సరీ ఖర్చే ఉండదు. నీరు అందితే ఏడాదికి మీటరున్నర ఎదగడం దానికి కష్టం కాదు. వాక్కాయ కంచె మూడేళ్లకు చేసే పనిని సీమచింత ఏడాదిన్నరలో చేస్తుంది.

వేసే తీరు ఇది. అడుగు ఎడంగా రెండు చాళ్లు తీసి, చాలులో అరడుగు దూరానికి, అంటే 15 సెంటీమీటర్లకు ఒక గింజ, అంగుళం లోతున. ఎకరం చుట్టూ దాదాపు 3,400 గింజలు పడతాయి. మొలవనివి కలుపుకుని 4,500 దాకా సిద్ధం చేసుకోండి. ఏప్రిల్, మే నెలల్లో తిన్న కాయల గింజలు కడిగి నీడన ఆరబెట్టి, ఆ జూన్‌లోనే వేయాలి. మరుసటి ఏటికి దాచిన గింజ మొలక బాగా తగ్గిపోతుంది. మొక్క మోకాలెత్తు కాగానే జానెడు ఎత్తుకు కొట్టేయాలి. చేతులు రావు, కానీ ఈ మొదటి కోత తప్పితే ఆ కంచెకు జన్మలో అడుగు చిక్కబడదు.

సీమచింతకు రెండు లోపాలున్నాయి. ఒకటి, కత్తెర ఆగితే అది కంచెగా ఉండదు, చెట్టవుతుంది. కనీసం మూడు నెలలకోసారి కొట్టాలి. రెండేళ్లు మరిచిపోతే మొదళ్లు చేతిమందం అవుతాయి, అడుగు ఆకు పోతుంది, అప్పుడు రంపం తప్ప దారి లేదు. రెండు, దాని ఆకు మేకలకు ఇష్టం. మేపు కోసం పెంచేవాళ్లకు ఇది వరం, కొట్టిన కొమ్మ వృథా పోదు. కానీ ఊరి మేకల దారిలో ఉన్న పొలానికి మొదటి ఏడాది కంప అడ్డు లేకుండా ఇది లేవదు.

పండు సంగతి. మూడు నెలలకోసారి కొట్టే కంచెకు సీమచింతకాయ కాయదు. పండు కావాలంటే పది పదిహేను మీటర్లకు ఒక మొక్కను పైకి వదలాలి, అవి చెట్లవుతాయి. ఆ చెట్లను పొలానికి ఉత్తరం గట్టున వదలండి. మన దగ్గర ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండ దక్షిణం వైపు నుంచి వాలుతుంది కాబట్టి నీడ పొలం బయటికి పడుతుంది. దక్షిణం గట్టున వదిలితే నీడంతా పైరు మీదే. ఆ కాయ కోసం కోతులూ రామచిలుకలూ వస్తాయని కూడా తెలిసే వదలాలి.

గచ్చ

గచ్చకాయలాట ఆడిన చేతులకు ఆ గింజ నున్నదనం తెలుసు, ఆ తీగ కోపం తెలియకపోవచ్చు. కొమ్మకూ, ఆకు ఈనెకూ కూడా వెనక్కి వంగిన కొక్కేల్లాంటి ముళ్లు. లోపలికి దూరిన జంతువు ముందుకు పోలేదు, వెనక్కి రాలేదు. అడవి అంచున పందుల బెడద ఉన్న పొలానికి మొక్కల్లో దీని సాటి లేదు. తినే పండు లేదు, మందు గింజల గిరాకీ కొద్దిపాటిదే.

గింజ పైపెంకు రాయి లాంటిది, అలాగే నాటితే నెలల తరబడి మట్టిలో పడుంటుంది. గరుకు రాతి మీద ఒక పక్క లోపలి తెలుపు కనిపించేదాకా అరగదీసి, ఒక రోజు నీళ్లలో నానబెట్టి, ఉబ్బినవే నాటాలి. మీటరు నుంచి మీటరున్నరకు ఒకటి చాలు. పాకడానికి పాత కంచె స్తంభాలో, నాలుగు రాతి కూసాలో ఆధారం ఉంటే గోడలా లేస్తుంది, లేకపోతే నేల మీద కుప్పగా పడుతుంది. కత్తిరించడం దీని అసలు శిక్ష. తెగిన తీగ ముక్క చొక్కా వదలదు, ట్రాక్టరు టైరునూ వదలదు. ఇంటి చుట్టూ, పిల్లలు తిరిగే దారి పక్కన, కూలీలు రోజూ పనిచేసే తోట లోపల గచ్చ వద్దు. పొలంలో అడవి వైపు ఉన్న ఒక్క హద్దుకు మాత్రమే గచ్చ, మిగిలిన మూడు వైపులా వాక్కాయ వేయడం చాలాచోట్ల సరిపోయే ఏర్పాటు.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. పందులు వస్తున్నాయని మోటారు కరెంటు తీగను నేరుగా కంచెకు తగిలించడం చట్టరీత్యా నేరం, మనుషుల ప్రాణాలు తీసే పని. తెల్లవారుజామున నీళ్లు పెట్టడానికి వచ్చే పక్క రైతే దానికి బలవుతాడు. క్షణకాలం మాత్రమే కొట్టి వదిలే సోలార్ ఫెన్సింగ్ యంత్రం వేరు, ఇది వేరు. కోతులకు మాత్రం ఏ మొక్కా అడ్డు కాదు, కంచె వాటిని ఆపుతుందని లెక్క వేసుకోకండి.

మిగిలినవి క్లుప్తంగా

గోరింట కొమ్మ నాటితే వస్తుంది, అడుగుకొకటి చొప్పున ఇంటి ముందు కంచెకు అందంగా ఉంటుంది, ఆకు అమ్ముడవుతుంది. పశువును ఆపేంత బలం దానికి లేదు. కిత్తనార పిలకలు మీటరుకొకటి పెడితే రాళ్ల వాలులో నీరు లేకుండా బతుకుతాయి. పూకాడ వేసిన మొక్క ఆ తర్వాత చచ్చిపోతుంది, చుట్టూ పిలకలు లేచి సందు పూడ్చేదాకా అక్కడ కాపు కాయాలి. కాడజెముడు పాలు కంట్లో పడితే ప్రమాదం, కత్తిరించేవాళ్లు కళ్లద్దాలు లేకుండా ముట్టుకోకూడదు. సర్కారు తుమ్మను జీవకంచెగా నాటనే వద్దు, నాలుగేళ్లలో అది చెరువునూ పొలాన్నీ కమ్మేస్తుంది. దాని ఎండు కంప మాత్రం కొత్త మొక్కలకు దడిగా ఎంతో పనికొస్తుంది. కాయలు రాలేలోపు నరికిన కంప అయితే విత్తనం వెంట రాదు.

ఈ మధ్య సీబక్‌థార్న్ గురించి కూడా అడుగుతున్నారు. లద్దాఖ్‌లో అది పండూ, కంచె కంపా రెండూ ఇచ్చే పొదే. అయితే అది గడ్డకట్టే చలికాలం కోరే మొక్క, పైగా ఆడ మొక్కలు వేరు, మగ మొక్కలు వేరు. ఆరేడు ఆడ మొక్కలకు ఒక మగ మొక్క దగ్గర్లో లేకపోతే కాయే ఉండదు. కెనడాలోనో జర్మనీలోనో పెరడు ఉన్న తెలుగువాళ్లు నిక్షేపంగా వేసుకోవచ్చు. అనంతపురానికో నల్లగొండకో దాని గింజలు తెప్పించుకోవడం మాత్రం డబ్బు దండగ.

వాక్కాయ కంచె నాటే పద్ధతి

మొక్కలు కావాలంటే ఏడాది ముందు మొదలుపెట్టాలి. ఆగస్టు, సెప్టెంబరులో బాగా నల్లబడ్డ కాయలు పిసికి గింజలు తీసి, కడిగి, నీడన ఒకటి రెండు రోజులు ఆరబెట్టి వెంటనే కవర్లలో వేయాలి. ఈ గింజ నిల్వకు ఆగదు, డబ్బాలో దాచి వేసవిలో వేస్తే మొలక రాదు. రెండు మూడు వారాల్లో మొలుస్తాయి. మరుసటి వానాకాలానికి నాటడానికి వస్తాయి. అంట్లకైతే జూలై, ఆగస్టులో పెన్సిల్ మందం కొమ్మ మీద అంగుళం వెడల్పున బెరడు ఉంగరంలా తీసి, కారిన పాలు తుడిచి, తడి నాచు చుట్టి ప్లాస్టిక్ కాగితంతో బిగించాలి. వేళ్లు కనబడటానికి రెండు మూడు నెలలు పడుతుంది.

నాటే అదను ప్రాంతాన్ని బట్టి. తెలంగాణలోనూ కోస్తాలోనూ జూన్ చివర, జూలై. రాయలసీమలో ఆగస్టు, సెప్టెంబరు. నెల్లూరు, తిరుపతి వైపు ఈశాన్య వానలే దిక్కు కాబట్టి సెప్టెంబరు చివర, అక్టోబరు. ఎండాకాలంలోనే అడుగున్నర వెడల్పు, అడుగున్నర లోతు కందకం తీసి ఎండనివ్వాలి. పైమట్టి ఒక పక్క, అడుగుమట్టి ఒక పక్క పోయాలి. పూడ్చేటప్పుడు పైమట్టిలో మీటరుకు అయిదు కిలోల మాగిన పశువుల ఎరువు, 100 గ్రాముల వేపపిండి కలపాలి. ఎకరం చుట్టూ అంటే పన్నెండు, పదమూడు క్వింటాళ్ల ఎరువు. పచ్చి ఎరువు వేస్తే చెదలు వస్తాయి, ఎర్రనేలల్లో మరీను.

రెండు వరుసలకూ మధ్య రెండడుగులు, వరుసలో మొక్కకూ మొక్కకూ రెండడుగులు, ఒక వరుస మొక్క రెండో వరుస సందుకు ఎదురుగా రావాలి. రెండు వరుసలంటే కందకాలూ రెండు తీయాలి. పైన చెప్పిన ఎరువు లెక్క ఒక్క కందకానికి, రెంటికీ కలిపి రెట్టింపు. ఎకరం చుట్టూ సుమారు 850 మొక్కలు. చచ్చినవాటి స్థానంలో పెట్టడానికి 80, 90 కవరు మొక్కలు విడిగా పెంచుకోండి. వాటిని మొదటి ఏడాదే పూడ్చాలి. మూడో ఏట పెట్టిన చిన్న మొక్క పెద్దవాటి నీడలో ఎదగదు, ఆ సందు అలాగే శాశ్వతంగా ఉండిపోతుంది. కవరులో వేరు చుట్టలు తిరిగి ఉంటే అడుగు ముక్క కోసేసి, చుట్ట విప్పి నాటాలి. లేకపోతే రెండేళ్లు బాగానే ఉండి, మూడో ఏట గాలికి పడిపోతుంది.

నాటిన మూడు నాలుగు నెలలకు, వేరు పట్టిందని చిగురు చెప్పగానే, మొక్కను అడుగు ఎత్తుకు కొట్టాలి. పక్క కొమ్మలు రెండడుగులకు రాగానే మళ్లీ కొసలు తీయాలి. ఈ రెండు కోతలకు మనసొప్పక వదిలేసిన కంచెలే తర్వాత కింద ఖాళీగా, పైన గుబురుగా గొడుగుల్లా నిలుస్తాయి. గొడుగుల కింద నుంచి పంది తలొంచుకుని పోతుంది. పెరిగాక కూడా అడుగున నాలుగడుగుల వెడల్పు, పైన రెండు రెండున్నర అడుగులు ఉండేట్టు గోపురంలా కత్తిరించాలి. పైభాగం వెడల్పయితే కిందికి ఎండ తగలక అడుగు కొమ్మలు ఎండిపోతాయి.

మొదటి ఎండాకాలం వారానికోసారి మొక్కకు నాలుగైదు లీటర్లు. డ్రిప్ పైపు వరుస వెంట వేస్తే కూలి తగ్గుతుంది. రెండో వేసవిలో పది పదిహేను రోజులకోసారి చాలు. మూడో ఏటి నుంచి నీరు బతకడానికి అక్కర్లేదు, కాయ సైజు కోసం మార్చి, ఏప్రిల్‌లో రెండు మూడు తడులు ఇస్తే ఫలితం కనిపిస్తుంది. మొదటి రెండేళ్లూ బయటి వైపు ఎండు కంప దడి ఉండాల్సిందే, లేత వాక్కాయ ఆకును మేక వదలదు.

చీడల బాధ తక్కువే. వాన ఎడతెగకుండా పడితే ఆకు మీద, కాయ మీద గోధుమ రంగు మచ్చలొచ్చి కొమ్మ కొసలు ఎండుతాయి. ఎండిన కొమ్మను పచ్చిభాగం రెండంగుళాలు కలిపి కోసి కాల్చి, లీటరు నీటికి మూడు గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ పిచికారీ చేస్తే ఆగుతుంది. వానలు మొదలయ్యాక గొంగళి పురుగులు గుంపుగా ఆకు తినేస్తాయి. చూసిన రోజే కొమ్మతో సహా తీసి నాశనం చేస్తే మందు అవసరమే రాదు. వీటన్నిటికన్నా కంచెను ఎక్కువగా చంపేది నిప్పు. పక్క పొలంలో కొయ్యకాలుకు పెట్టిన మంట గట్టు గడ్డి మీదుగా పాకి పదేళ్ల కంచెను ఒక మధ్యాహ్నంలో తినేస్తుంది. ఫిబ్రవరిలోనే కంచెకు రెండు వైపులా మూడడుగుల మేర గడ్డి చెక్కేయాలి.

ఎవరికి ఏది

మామిడి, బత్తాయి, నిమ్మ తోట ఉన్నవాళ్లకు వాక్కాయ రెండు వరుసలు. తోటకు ఎలాగూ డ్రిప్ ఉంటుంది, కాయ కోసే మనుషులూ ఉంటారు. ఏడాదిన్నరలోగా అడ్డు కావాలి, చేతిలో డబ్బు లేదు, ఇంట్లో మేకలున్నాయి అంటే సీమచింత, కానీ కొట్టే ఓపిక ఉంటేనే. అడవి అంచు హద్దుకు గచ్చ. వేరే ఊళ్లో ఉంటూ ఏడాదికి రెండుసార్లు పొలం చూసుకునేవాళ్లు సీమచింత జోలికి పోకూడదు, వాక్కాయే వేసుకుని బాటకు ఆనుకున్న వైపు ముళ్ల తీగ మూడు వరుసలు లాగితే, మొక్క పెరిగేదాకా తీగ, తీగ తుప్పు పట్టేసరికి మొక్క కాస్తాయి. ఇంటి పెరడు అయితే ఒత్తు కంచె వద్దు. చిక్కటి పొదల అడుగున పాములు చేరతాయి. వాక్కాయ రెండు మూడు పొదలు మూలన పెట్టుకుని, నేల నుంచి అడుగెత్తు వరకు కొమ్మలు తీసేసి నేల కనబడేలా ఉంచుకోండి.

గేటు చోటు నాటకముందే ఖాయం చేయాలి. ట్రాక్టరుకు ట్రక్కుతో మలుపు తిరగడానికి, వరికోత యంత్రం రావడానికి కనీసం 15 అడుగులు వదలండి. రెండు పక్కలా రాతి కూసాలు పాతి, కూసానికి అడుగు దూరంలోనే చివరి మొక్కను నాటండి. పశువు మొదట వెతికే సందు ఆ గేటు పక్కదే.